గస్తీ తుపాకి

మొన్నటి వేసవిలో గోదావరిఖని ఎయిట్ ఇంక్లైన్ కాలనీనుండి ఒక గృహిణి మాకు ఉత్తరము వ్రాసిరి. మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో పాటల కోరికలే మెండు. ఈ ఉత్తరములో మాత్రము పాట ఊసు లేదు. ఏ.టి.ఎం.కు నగదు తెచ్చిన బండి దగ్గర ఒక కాపలాదారు తుపాకి పట్టుకొని నిలిచియుండెనట. ఆమె చిన్నకుమారుడు పరుగున పోయి ఆ తుపాకి గొట్టపు మూతిని చేతితో తడవెనట. ఆ మనిషి నవ్వి ఊరకుండెనట. “అందులో తూటా ఉన్నదా, లేదా? రాత్రిపూట చౌరస్తాలో ఆగు పోలీసు బండిలో తుపాకి ఉన్నచో అందులో తూటా ఉండునా? మీరు రేడియోలో ఎన్నో సంగతులు చెప్పుచుందురు గదా, ఇదియు చెప్పవలెను” అని ఆమె కోరిరి.

చూచుటకు ఇది చిన్న ప్రశ్న. సమాధానము వ్రాయ కూర్చున్నప్పుడు గాని మాకు దాని లోతు తెలియలేదు. తుపాకిలో తూటా ఉన్నదా అను ప్రశ్నకు ఉన్నదనియో లేదనియో ఒక్క మాటలో చెప్పి ముగింపవచ్చునని మేమును అనుకొంటిమి. అట్లు చెప్పరాదని మాకు తెలిపినవారు ఆ గోదావరిఖనిలోనే ఉన్న ఒక పెద్దమనిషి. ఆయన జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో చాలకాలము తుపాకులు బాగుచేయు ఆర్మరరుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నారు. పోలీసు శాఖలో తుపాకులు భద్రపరచు గదిని ‘బెల్ ఆఫ్ ఆర్మ్స్’ అందురు. ఆ గది తాళములమధ్యనే ఆయన జీవితము గడచినది. ఆయన పొరుగింటివారు సింగరేణిలో షాట్‌ఫైరరుగా, అనగా గనిలో మందు పేల్చు ఉద్యోగిగా, పనిచేసి దిగినవారు. చుట్టరికము లేకున్నను ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకొందురు. మేము రికార్డింగు పనిమీద ఆ ఊరికి పోయినప్పుడు ఇరువురును ఒక వేపచెట్టు నీడనే దొరికిరి. ఈ ప్రసంగములో తుపాకిని గూర్చిన తెలివి చాలవరకు వారిది. పొరపాటున్నచో అది మాది.

ముందుగా ఆ తుపాకి ఎట్టిదో చెప్పవలెను. పోలీసు గస్తీకి అనేక దేశములలో వాడునది ‘12 బోరు పంపు తుపాకి’. ఈ 12 అంకెలు గాని సెంటీమీటర్లు గాని కాదు. ఒక పౌను సీసమును సమానమైన 12 గుండ్లుగా పోసినచో ఒక్కొక్క గుండు పట్టునంత గొట్టము గలది 12 బోరు. కొలిచి చూచినచో ఆ గొట్టపు లోవెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. సంఖ్య పెరిగినకొలది గొట్టము సన్నమగును. రైఫిలు గొట్టములో మరచుట్లు ఉండును. దీని గొట్టము లోపల నునుపు. రైఫిలు ఒక్క గుండును దూరముగా పంపును. ఇది ఒక తూటాలోని పెక్కు గుండ్లను దగ్గరలోనే వెదజల్లును.

పంపు అను మాట దాని పనినిబట్టి వచ్చినది. గొట్టము క్రింద మరియొక గొట్టముండును. తూటాలు దానిలో ఒకదాని వెనుక ఒకటి పండుకొనియుండును. ఎడమచేయి పట్టుకొను ముందుపిడిని వెనుకకు లాగినచో కాలిన తూటా బయటపడును. ముందుకు నెట్టినచో క్రింది గొట్టములోని తూటా ఒకటి పైకి లేచి, పేలు స్థానమునకు, అనగా చాంబరులోనికి, చేరును. చేతిపంపు కొట్టినవారికి ఈ కదలిక క్రొత్త కాదు. బ్రౌనింగు రూపొందించిన వించెస్టరు 1897 నమూనా ఇట్టిది. మొదటి ప్రపంచయుద్ధములో అమెరికా సైనికులు దానిని కందకములలో వాడగా, 1918 సెప్టెంబరులో జర్మనీ అది క్రూరాయుధమని అభ్యంతరము తెలిపినది. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870 పోలీసుల చేతులలో మిక్కిలి వ్యాపించి, 2009 నాటికి కోటి తుపాకుల లెక్కకు చేరినది.

మన దేశపు పోలీసులకు నునుపు గొట్టపు తుపాకి పూర్వమునుండి ఎరుకయే. బెంగాలులోని ఇషాపూరు ఫ్యాక్టరీలో 303 రైఫిలు రూపమునే నునుపు గొట్టముగా మార్చి, 410 మస్కెటు అను పేర పోలీసులకును జైలు కాపలాదారులకును ఇచ్చిరి. దానిలో ఒక్కసారికి ఒక్కటే తూటా. తరువాతి కాలమున 12 బోరు పంపు తుపాకులు కూడ మన ప్రభుత్వ ఫ్యాక్టరీలలో తయారైనవి. రామగుండము ప్రాంతమున నేడు ఏ బండిలో ఏ ఆయుధమున్నదో చెప్పుట మా పని కాదు, చెప్పరాదు కూడ. ఇట్టి తుపాకి ఎక్కడ గస్తీకి పోయినను, పోవుటకు ముందు దానిని ఎట్లు సిద్ధపరచవలెనో అదియే మా ప్రసంగ విషయము.

ఆర్మరరు మొట్టమొదట చూపినది గొట్టమును కాదు, వెనుకటి కొయ్యను. పోలీసులు దీనిని బట్ అందురు. ఫ్యాక్టరీనుండి వచ్చు తుపాకులలో ట్రిగ్గరునుండి బట్ కొసవరకు సాధారణముగా 14 అంగుళములు, అనగా 35 సెంటీమీటర్లకు పైగా ఉండును. పొడవైన చేతులు గల దేశములవారికై, పలుచని చొక్కా తొడుగుకొని వేటకు పోవువారికై అది ఏర్పడిన కొలత. మన కానిస్టేబులు చేతులు అంత పొడవు కావు. పైగా అతడు గుండు తగులకుండ మందపు జాకెట్టు తొడుగుకొనును. ఇప్పుడు గస్తీలో స్త్రీలును ఉన్నారు. కొయ్య పొడవైనచో తుపాకి భుజపు గుంటలో కుదరక భుజము చివరకు జారును. ముందుపిడి చేతికి అందీ అందకుండును. అప్పుడు దానిని పూర్తిగా వెనుకకు లాగలేక సగములో నెట్టుదురు. తూటా బయటికి రాదు, లోనికి పోదు, నడుమ ఇరుకును. పంపు తుపాకికి వచ్చు చిక్కులలో తరచుగా వచ్చునది ఇదియే.

కొలత సరిపోయినదో లేదో తెలిసికొనుటకు ఆయన ఒక ఉపాయము చూపిరి. మోచేయి మడచి, బట్ కొసను మోచేతి లోమడతలో ఆనించవలెను. చూపుడువ్రేలు సుఖముగా ట్రిగ్గరును అందుకొన్నచో కొలత సరి. వ్రేలు సాగదీయవలసి వచ్చినచో కొయ్యను తగ్గించవలెను. పోలీసులకు తర్ఫీదునిచ్చువారు 12½, 13 అంగుళములకు తగ్గించుటయే మేలందురు. తగ్గించిన కొసకు మందపు రబ్బరు దిండు బిగింతురు. 12 బోరు వెనుకకు తన్నుట గట్టిగానుండును. మొదటి దెబ్బకే భుజము నొచ్చినవాడు రెండవసారి కన్నులు మూసికొని ట్రిగ్గరు లాగును. “కండ్లు మూసుకొని కొట్టినోనికి గురి యాడిది సారూ” అని ఆయన నవ్విరి. తుపాకిని మనిషికి కుదుర్చుట ప్రక్కవాని ప్రాణమునకై చేయు పనియని అప్పుడు మాకు తోచినది.

తరువాతిది గురి. ఇట్టి తుపాకి కొసన సాధారణముగా ఒక చిన్న ఇత్తడి పూస మాత్రమే ఉండును. పగలు అది చాలును. చీకటిలో కనబడదు. కనుక గస్తీ తుపాకికి వెనుక ఒక కన్నమును, ముందు చీకటిలో మెరయు గుర్తును అమర్తురు. అయితే మా పెద్దమనిషి దీనికన్న వేయింతలు ముఖ్యమన్నది మరియొక పని. ప్రతి తుపాకిని, అది వాడబోవు తూటాతోనే, కాగితముమీద కాల్చి చూడవలెనట.

ఈ సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను, కాలనీలలో కాపురముండువారికి ముఖ్యముగా పట్టునది ఇదియే గనుక. తూటాలలో రకములు పెక్కు. పిట్టలను కొట్టు 9వ నంబరు తూటాలో సుమారు 2 మిల్లీమీటర్ల సన్నగుండ్లు కొన్ని వందలుండును. పెద్ద తూటాలో 8 మిల్లీమీటర్లు మించిన గుండ్లు తొమ్మిది వరకు ఉండును. ఒకే గుండు గల తూటాయు కలదు. దానిని స్లగ్ అందురు. దాని బరువు సుమారు 28 గ్రాములు. పెద్ద గుండ్లు గొట్టము విడిచిన తరువాత ఒక గజము దూరమునకు ఒక అంగుళము చొప్పున విడిపోవునని స్థూలమైన లెక్క. పది మీటర్ల దూరమున అవి పడు వలయము సుమారు 28 సెంటీమీటర్లు, అనగా ఒక అన్నపు కంచమంత. ఇరువదియైదు మీటర్ల దూరమున ఆ వలయము 70 సెంటీమీటర్లకు దగ్గర. మనిషి ఱొమ్ము అంత వెడల్పు లేదు. ఆ తొమ్మిదిలో కొన్ని తప్పక ప్రక్కనుండి పోవును. పోయిన గుండు ఆగదు. సన్నగుండు నూరు మీటర్లు దాటి పోగలదు. పెద్ద గుండు ఎత్తిన కోణమునుబట్టి ఆరువందల మీటర్ల వరకు పోగలదు. దగ్గరలో కొయ్య తలుపు, రేకు తలుపు దానికి అడ్డము కావు.

ఇప్పుడు గోదావరిఖనిని తలచుకొందము. 1960 దశాబ్దపు తొలినాళ్ళలో ఇక్కడ గనులు తెరచిన తరువాత పుట్టి పెరిగిన ఊరు అది. రాష్ట్రప్రభుత్వమునకు 51, కేంద్రమునకు 49 వంతులు గల సింగరేణి కంపెనీ క్వార్టర్లు వరుసలు వరుసలుగా వెన్నుకు వెన్ను ఆనించియున్నవి. వేసవిలో పగటి ఎండ 45 డిగ్రీలు దాటిన నాటి రాత్రులలో జనము వాకిండ్లలో మంచములు వేసికొని పండుకొందురు. రెండవ షిఫ్టు దిగువారు, రాత్రి షిఫ్టు ఎక్కువారు ఒకే వేళ వీధిలో నడతురు. లక్ష్మీనగరు అంగళ్ళ నడుమ ఇరువదియైదు మీటర్ల ఖాళీ చోటు వెదకినను దొరకుట కష్టము. ఇట్టి ఊరిలో గస్తీ తిరుగువానికి తన తుపాకి తన తూటాతో ఎంత దూరములో కంచమగునో, ఎంత దూరములో చాప అగునో కంఠస్థముగా తెలిసియుండవలెను. అది ఊహచే రాదు. ఒకే ఫ్యాక్టరీలో పుట్టిన రెండు తుపాకులు ఒకే తూటాను రెండు విధములుగా వెదజల్లును. కనుకనే కాగితము. ఏడు, పదునైదు, ఇరువదియైదు గజముల వద్ద కాగితములు కట్టి కాల్చి, గుండ్ల గుర్తులు లెక్కించి, ఇంత దూరము దాటి దీనిని ఎత్తరాదని ఆ తుపాకి సంఖ్య ప్రక్కన వ్రాయుదురు. మా ఆర్మరరు ఆ కాగితములను చాలకాలము దాచుకొనిరట. ఇంటివారు అలమార అరలలో పరచుటకు వాడుకొనిరి.

దీపమును గూర్చి రెండు మాటలు. ముందుపిడికి టార్చి బిగించుట ఇప్పుడు అంతటను వాడుక. చీకటిలో ఎదుటివాని చేతిలో ఉన్నది కత్తియో, టిఫిను డబ్బాయో తెలియనిదే కాల్చరాదు గదా. షిఫ్టుకు పోవువాని చేతిలో డబ్బా ఉండుట మన ఊళ్ళలో నిత్యము చూచునదే. అయితే ఆ దీపముతో ఒక ప్రమాదమున్నది. టార్చి ఎటు తిరిగిన తుపాకి మూతి అటు తిరుగును. ఇంటి నంబరు చూచుటకును, తప్పిపోయిన మేకను వెదకుటకును ఆ దీపమే వాడినచో, కనబడిన ప్రతివానిపైకి తుపాకి ఎక్కుపెట్టినట్లే. కనుక తుపాకి దీపము వేరు, వెదకు దీపము వేరు. రెండవది నడుమునకు వ్రేలాడుచుండవలెను. ఇది చెప్పుచున్నప్పుడు షాట్‌ఫైరరుగారు తలయూచి, గనిలో టోపీదీపము ఎదుటివాని కన్నులలో కొట్టుట కూడ తమలో మర్యాద కాదనిరి.

పట్టీ, అదనపు తూటాల అర, ఇట్టివి ఇంకను కలవు. పట్టీ బండి తలుపునకు, గేరు కడ్డీకి చిక్కుకొనకుండ మడచి కట్టవలెను. తుపాకి ప్రక్కన నాలుగో ఆరో తూటాలు గ్రుచ్చు అర మంచిదే గాని, దాని మరలు మితిమీరి బిగించినచో ముందుపిడి కదలిక పట్టుకొనును. దుకాణములలో దొరకు అలంకారములన్నియు తగిలించి తుపాకిని పెండ్లికొడుకును చేయువారున్నారట. ప్రతి అలంకారమును బరువే. మూడు కిలోల తుపాకి నాలుగు కిలోలై, రాత్రి రెండు గంటల వేళకు మూతి నేలను చూచుటకు మారుగా ఎదుటివాని మోకాళ్ళను చూచును.

ఇక ఆ గృహిణి ప్రశ్న. బండిలోని తుపాకిలో తూటా ఉన్నదా?

“బండ్ల పడుకున్న తుపాకికి కడుపుల తూటాలుండాలె సారూ, నోట్ల ఉండొద్దు” అని ఆయన సమాధానము.

కడుపనగా క్రింది గొట్టము, నోరనగా చాంబరు. క్రింది గొట్టములో తూటాలు నింపుదురు. అందులోను ఒకటి తక్కువగా నింపుదురు, అవసరమున వేరు రకపు తూటా చొప్పించుటకు చోటుండవలెనని. చాంబరు ఖాళీగా నుంచుదురు. చాంబరు ఖాళీ అని కంటితో చూచి, చీకటియైనచో చిటికెనవ్రేలు పెట్టి తడవి, తలుపు మూసి, మూతిని క్షేమమైన దిక్కునకు త్రిప్పి ట్రిగ్గరు ఒకసారి నొక్కి సుత్తిని దింపుదురు. పిదప సేఫ్టీ వేయుదురు. సేఫ్టీ ఉన్నది గదా, చాంబరులో తూటా ఉన్న నేమి అని అడుగవచ్చును. మేమును అడిగితిమి. ఇట్టి తుపాకులలో చాలవాటికి సేఫ్టీ ట్రిగ్గరును మాత్రమే పట్టియుంచును. లోపలి సుత్తిని గాని, పొడుచు సూదిని గాని పట్టదు. బండి గుంతలో పడి తుపాకి గట్టిగా క్రింద కొట్టుకొన్నచో, ట్రిగ్గరు ఎవ్వరు ముట్టకయే పేలవచ్చును. బొగ్గు లారీలు తిరుగు రోడ్లలో గుంతలకు కొదువ లేదు. చాంబరు ఖాళీగానున్న తుపాకి ఎన్నిసార్లు పడినను పేలదు. కావలసివచ్చినప్పుడు ముందుపిడి ఒకసారి లాగి నెట్టుటకు ఒక సెకండు చాలును. ఆ సెకండులో మనిషి నిర్ణయము ఒకటి కలిసియుండును.

షాట్‌ఫైరరుగారు ఇక్కడ అడ్డము వచ్చిరి. “మా ఎక్స్‌ప్లోడరు తాళంచెవి లెక్కనే గదా బావా.”

“గంతే బావా.”

గని పని తెలియని శ్రోతలకు ఈ పోలిక విప్పి చెప్పవలెను. బొగ్గులో కన్నములు తొలిచి, మందును డెటొనేటరును పెట్టి, తీగలు కలిపిన తరువాత గూడ అది పేలదు. ఎక్స్‌ప్లోడరు అను యంత్రముతో విద్యుత్తు పంపినప్పుడే పేలును. ఆ యంత్రపు తాళంచెవి షాట్‌ఫైరరు ఒంటిమీదనే ఉండవలెనని గనుల నిబంధన. ఎవ్వరికి ఇయ్యరాదు, యంత్రములో వదలరాదు. పేల్చుటకు ముందు అతడు గ్యాసు ఉన్నదేమో పరీక్షించును. ఆ చోటికి వచ్చు ప్రతి దారిలో కావలి నిలుపును. కేకవేయును. పేలిన చప్పుళ్ళు లెక్కించును. ఒకటి తక్కువైనచో తొందరపడి ఎవ్వరును దగ్గరకు పోరాదు. షిఫ్టు చివర తెచ్చిన డెటొనేటర్లు ఎన్ని, వాడినవి ఎన్ని, తిరిగి అప్పగించినవి ఎన్ని అని లెక్క కుదరవలెను. ఇంత కట్టుబాటు మన బొగ్గుబెల్టు కుటుంబములకు తాతలనాటినుండి తెలిసినదే. పోలీసు తుపాకికిని ఇదియే కట్టుబాటు. గస్తీకి పోవునపుడు ఎన్ని తూటాలు, దిగునపుడు ఎన్ని తూటాలు, రిజిస్టరులో ఇరువురి సంతకములు.

ఇక్కడ మాకొక మాట గుర్తుకు వచ్చినది. తుపాకిలో తూటాలు నిలువయుండు గొట్టమును మేగజీను అందురు. ఊరికి దూరముగా సింగరేణివారు పేలుడు మందు దాచు కట్టడమును మేగజీను అందురు. శ్రోతలు చేత పట్టుకొన్న ఈ పత్రికయు మేగజీనే. నిలువచేయు చోటు అను అర్థము గల అరబ్బీ మాటనుండి ఈ మూడును పుట్టినవి.

తూటాలలో ఏది నింపవలెనను విషయము చిన్నది కాదు. 2010నుండి కాశ్మీరములో గుంపులను చెదరగొట్టుటకు సన్నగుండ్ల తూటాలను ఈ పంపు తుపాకులతోనే వాడిరి. చంపని ఆయుధమని దానికి పేరు. 2016 వేసవిలో ఎందరో యువకులు, పిల్లలు కన్నులు పోగొట్టుకొనిరి. వందల సన్నగుండ్లలో ఏ గుండు ఎవని కంటికి పోవునో కాల్చినవానికే తెలియదు గదా. ఆ సంవత్సరమే కేంద్ర హోం శాఖ టి.వి.ఎస్.ఎన్. ప్రసాదు అధ్యక్షతన ఒక సంఘమును వేయగా, మిరప ఘాటు వంటి పదార్థము గల పావా గుండ్లను ప్రత్యామ్నాయముగా వాడవచ్చునని అది సూచించినది. అయినను సన్నగుండ్లు పూర్తిగా మానలేదు. సన్నగుండ్లు దయగలవనియు, పెద్ద గుండ్లు క్రూరమైనవనియు మేము మొదట అనుకొంటిమి. ఆర్మరరు ఒప్పుకొనలేదు. గుంపుపైకి ఏ గుండ్ల తూటాయు గురి అనిపించుకొనదని ఆయన మతము. ఆ మతమే మాకును సరియని తోచుచున్నది. గస్తీ తుపాకి ఒక మనిషి చేతిలోని మారణాయుధమునుండి మరియొక మనిషి ప్రాణము కాపాడుటకు. గుంపునకు వేరు సాధనములు, వేరు ఆజ్ఞలు కలవు. 2024 జూలై 1నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 148వ సెక్షను గుంపును చెదరగొట్టుటకు ఎవరు ఆజ్ఞ ఇయ్యవలెనో చెప్పుచున్నది. మరణశిక్షగాని యావజ్జీవముగాని పడు నేరము మోపబడనివానిని పట్టుకొనుటలో చంపు హక్కు పోలీసునకు లేదని 43వ సెక్షను చెప్పుచున్నది. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడులోను ఈ మాట ఉండెను. 1990లో హవానాలో ఐక్యరాజ్యసమితి మహాసభ కూడ మారణాయుధము కడపటి ఉపాయముగానే ఉండవలెనని తీర్మానించినది.

బొగ్గుబెల్టులో తుపాకికి మరియొక శత్రువు దుమ్ము. ఓపెన్‌కాస్టు గనులనుండి, లారీలనుండి లేచు పొడి కిటికీ మూసినను ఇంటిలోనికి వచ్చునని గృహిణులకు మేము చెప్పనక్కరలేదు. అది తుపాకిలోనికిని పోవును. తుప్పు పట్టకుండ నూనె దండిగా పోయుదమని క్రొత్తవారు అనుకొందురు. నూనె, బొగ్గుపొడి కలిసి నల్లని ముద్ద యగును. ఆ ముద్ద క్రింది గొట్టములో చేరినచో స్ప్రింగు తూటాను నెట్టలేదు. కనుక నూనె గుడ్డకు పూసి, ఆ గుడ్డతో తుపాకిని తుడిచి, మరల పొడిగుడ్డతో తుడువవలెను. వేసవిలో మూసిన బండి లోపల నెలల తరబడి తూటాలు స్ప్రింగు ఒత్తిడిలో ఉన్నచో వాని ప్లాస్టికు తొడుగు నొక్కుకొని వంగును, చాంబరులో పట్టదు. ఆర్మరరు వారమునకొకసారి వానిని తీసి, బల్లమీద దొర్లించి చూచెడివారట. సరిగా దొర్లనిది ప్రక్కన పెట్టుట. ఇట్టి తుపాకి ఎంత సిద్ధమైనను గని లోనికి మాత్రము పోరాదు. అగ్గిపుల్లనైనను దింపనీయని చోట, మూతినుండి మంట క్రక్కు వస్తువునకు చోటెక్కడ?

ఉత్తరము వ్రాసిన గృహిణికి సమాధానము పంపితిమి. పోలీసు బండి తుపాకిని గూర్చి పైన చెప్పినదంతయు వ్రాసితిమి. నగదు బండి కాపలాదారు చేతిలోనిది మాత్రము వేరు రకము. అట్టివారు తరచుగా పట్టుకొనునది 12 బోరే గాని, జంట గొట్టములది. దానికి కడుపు లేదు, నోరే ఉన్నది. సిద్ధముగా ఉండవలెనన్నచో తూటాలు గొట్టములలోనే ఉండవలెను, ఉన్నవో లేవో విరిచి చూచినగాని బయటికి తెలియదు. కనుక ఉన్నవనియే అనుకొనవలెను. బాబును ఆ మూతి ముందర నిలువనీయవలదనియు, ఆ కాపలాదారును “అన్నా, పిల్లలున్నారు, జర మూతి క్రిందికి పెట్టు” అని అడుగుటకు మొగమాటపడనక్కరలేదనియు వ్రాసితిమి. ఆమె అడిగిరట. అతడు పెట్టెనట.